చేతులు వెనక్కి

వాల్పరాయిసోలో పొద్దున ఆరున్నరకి
సముద్రం ఇంకా మంచు కప్పుకునే ఉంటుంది.
పేగు కూడా ఆ వేళకే కాస్త నిదానం,
టిఫినుకు ముందు.
అందుకే అప్పుడే వెళ్తాను వార్డుకి,
ట్రేలో గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డలు,
ముక్కు వంగిన చిన్న కత్తెర, కొలత కాగితం.

ఎలెయుతేరియో కిటికీ వైపు తిరిగి పడుకుంటాడు.
తీగ లాగే పట్టాల బండిని
నలభై ఏళ్ళు కొండమీదికి నడిపిన మనిషి.
ఒక పెట్టె ఎక్కితే ఇంకోటి దిగాలి,
ఆ లెక్క తప్ప వేరే లెక్క ఒప్పుకోడు.
"మా చెల్లెలికి నేర్పు," అంటాడు గోడతో.

ఫిలొమేనా అప్పటికే చేతులు కడుక్కుని
నోటుబుక్కు తెరుచుకుని కూర్చుంది.
టీ తాగి రమ్మని పంపించేశాను.
కోపం వచ్చింది ఆవిడకి. రానీ.
మూడు నెలల తర్వాత, అర్ధరాత్రి సంచి ఊడితే
ఆయన పొట్ట దగ్గర ఉండేవి
ఆయన చేతులే.

రెండు రోజులు నేనే మార్చాను.
ఆయన పైకప్పు పెచ్చులు లెక్కపెట్టాడు.
మూడో రోజు, నేను పట్టుకున్న అద్దంలోకి
దొంగచూపు ఒకటి.
"ఇంత ఎర్రగానా?"
అలాగే ఉండాలి, నోటి లోపలి చర్మంలా, తడిగా.
నల్లబడితే ఆగకుండా రండి.
"నొప్పి?"
ముట్టుకున్నా దానికి తెలీదు.
"నాకు తెలుస్తుందిగా," అన్నాడు.
దానికి జవాబు లేదు నా దగ్గర.
గుడ్డ తడిపి ఇచ్చాను.

అప్పుడు కదిలింది అది,
తనంతట తాను ముడుచుకుని, విచ్చుకుని.
స్టోమా అంటాం మేము.
ఆయనింకా "అది" దగ్గరే ఉన్నాడు.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని
గుట్టు దాచుకోమన్నవాళ్ళు
ఈ వార్డుకి ఎప్పుడూ వచ్చి ఉండరు.
ఇక్కడ నిజంగానే చించారు,
నిజంగానే బయట పెట్టారు,
మనిషి మిగలాలని.

ఐదో రాత్రి ఆయన బెల్లు కొట్టలేదు.
పొద్దున వెళ్ళేసరికి
పాత సంచి మూటకట్టి బుట్టలో ఉంది.
దుప్పటి అంచు నానబెట్టి పిండిన తడి.
పొట్టమీద కొత్తది, ఒక పక్కకి వాలి,
పలచని సంచిలోంచి కనిపిస్తూ
చిల్లు పెద్దదై బయటపడ్డ గోరంత చర్మం.
నా చేతులు లేచాయి.
ఇరవై రెండేళ్ళ అలవాటు, రెండు నిమిషాల పని.
వెనక్కి కట్టేసుకున్నాను.
ఏం తేడా వచ్చిందో మీరే చెప్పండి, అన్నాను.

చాలాసేపు చూశాడు.
"గాస్కెట్టు," అన్నాడు.
"చిల్లు వదులైతే నూనె ఎటు కారుతుందో
నాకు నువ్వు చెప్పక్కర్లేదు."

కత్తెర లాక్కున్నాడు.
గుండ్రం గీసి పెన్సిలు చెవి వెనక దోపాడు.
రెండు మిల్లీమీటర్ల సందు,
అంతకు మించి ఒక్క వెంట్రుక పోనివ్వలేదు.
అంటించే పళ్ళేన్ని అరచేతుల మధ్య వెచ్చబెట్టి
కింది నుంచి పైకి ఒత్తుకుంటూ వస్తుంటే
మధ్యలో ఒలికింది, మణికట్టు మీదికి.
బూతొకటి తిట్టాడు,
స్టేషన్లో కింది పెట్టెకి వినపడేంత గొంతుతో.
పక్క మంచం కుర్రాడు పకపకా నవ్వాడు.
నేను నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి
కిటికీలోంచి పడవలు చూశాను.

ఆ పైన అన్నీ పని ప్రశ్నలే.
మా కొండకి గురువారం నీళ్ళు రావు, ఎలా?
సీసా నింపి పెట్టుకోండి.
ఎంత నిండాక పారబొయ్యాలి?
మూడోవంతు. బరువెక్కితే లాగుతుంది.
"ఏదైనా అంతే," అన్నాడు.

ఆరు వారాలకి క్లినిక్కి వచ్చాడు ఒక్కడే.
జేబులోంచి మడత కాగితం తీశాడు,
దానిమీద వరసగా గుండ్రాలు, కింద తారీఖులు,
వాపు తగ్గేకొద్దీ ఒకదానికంటే ఒకటి చిన్నగా.
నాలుగోదాని మీద కాఫీ మరక.
పొట్ట చూపించమంటే
ముందు కాగితం చూడమన్నాడు.

ఇవాళ అదే మంచంలో అయెలెన్, ఇరవై ఆరేళ్ళు,
ముఖం మీదిదాకా దుప్పటి.
పక్కన ఆమె ప్రియుడు, చేతులు శుభ్రంగా కడుక్కుని,
ఫోనులో వీడియో తీయడానికి సిద్ధంగా.
టీ తాగి రా బాబూ, అన్నాను.

కింద కొట్టు నడిపే ఆవిడకి
నేనంటే చాలా ఇష్టం.